అరమూసిన కళ్లు

హంస మెడను ఒళ్లో పెట్టుకుని ఎస్తేరు ఉప్పుకాగితం పడుతోంది. మెడ ఒంపు తిరిగిన చోట కాగితాన్ని చూపుడువేలికి చుట్టుకుని, కొయ్య పొర ఎటు పోతే అటే లాగాలి. పొరకు ఎదురు లాగితే గీతలు పడతాయి. ఆ గీతలు ఇప్పుడు కనిపించవు, రంగు వేశాక బయటపడతాయి. అందుకని ఆమె మధ్యమధ్య కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూస్తోంది.

మునిచంద్రాచారి షెడ్డు ఏర్పేడు రైలు గేటుకు అవతల, రోడ్డు పక్కనే ఉంటుంది. పైన రేకులు, మూడు వైపులా గోడలు, ముందువైపు మొత్తం తెరుపు. వడమాలపేట దగ్గర ఒక పల్లె గుడికి హంస వాహనం చెయ్యమని చెప్పి రెండు నెలలైంది. ఒళ్లు, మెడ, తల అయిపోయాయి. రెక్కలు మిగిలాయి. ఆచారి గోడ పక్కన కూర్చుని హంస ముక్కుకు చివరి నగిషీ పెడుతున్నాడు. ఆ షెడ్డులో ఇప్పుడు పనిచేసేది వాళ్లిద్దరే.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ నోటితో చెప్పింది కాదు. ఉలి ఆచారిది, ఉప్పుకాగితం ఎస్తేరుది. ఎస్తేరు చర్చి వీధి మనిషి, పైగా ఆడమనిషి. దేవుడి కొయ్య మీద ఆమె చెయ్యి పడొచ్చుగానీ ఆమె చేతిలో ఇనుము ఉండకూడదు. పద్దెనిమిదేళ్లుగా ఆమె వాహనాలను, ద్వారబంధాలను, దశావతారాల బొమ్మలను నున్నగా చేసి, జిగురు పట్టించి, మొదటి పూత రంగు పూసి పంపింది. ఆచారి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయినప్పుడు, పనికిరాని ముక్కలు తీసుకుని చేపలో, చిలకలో, ఆకులో చెక్కేది. సాయంత్రం వాటిని వంటచెరుకుతో పాటు సంచిలో వేసుకుని పోయేది.

ఆ సోమవారం పొద్దున పదిగంటలప్పుడు షెడ్డు ముందు బైకు ఆగింది. తోలుకొచ్చినవాడు ప్రతాప్. అక్కడికి దగ్గరలోనే ఉన్న పెద్ద ఇంజనీరింగు క్యాంపసులో ల్యాబ్ అసిస్టెంటు. ఏర్పేడులోనే కాపురం. వెనకాల దిగినవాడు ఆ క్యాంపసులో చదివే కుర్రవాడు, ఆఫ్రికావాడు. ఆరడుగుల పైన ఉన్నాడు, రేకు తగలకుండా తల వంచి లోపలికి వచ్చాడు. అట్లాంటి పిల్లలు సంతలో టమాటాలు, ఎండుచేపలు బేరం చేస్తుంటే ఎస్తేరు చాలాసార్లు చూసింది.

పేరు ఇలుంగా అనీ, దేశం కాంగో అనీ, వాళ్ల జాతిని సోంగే అంటారనీ ప్రతాప్ చెప్పాడు. శనివారం క్యాంపసులో వేరే దేశాల పిల్లలందరూ తమ తమ ఊళ్ల సంగతులు చూపించే పండగ ఉంది. ఇలుంగా వాళ్ల ఊళ్లో కొయ్య మొఖం కట్టుకుని ఆడే ఆట ఒకటుంది. అది ఆడాలంటే మొఖం కావాలి. ఇంటి నుంచి తెప్పించుకునే వ్యవధి లేదు. ఆచారి చెక్కి ఇస్తాడేమోనని వచ్చారు.

ఇలుంగా ఫోను తీసి బొమ్మ చూపించాడు. పొడుగాటి మొఖం. నోరు చిన్న పెట్టెలాగా ముందుకు పొడుచుకొచ్చింది. ముక్కు నిటారుగా దిగింది. నుదురు, చెంపలు, గడ్డం అంతా సన్నని గాడులు, దున్నిన చేలో సాళ్ల మాదిరి. ఒక గాడి తెలుపు, ఒక గాడి నలుపు. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి.

“ఇది దేవుడా, దయ్యమా?” అని ఆచారి అడిగాడు.

ఇలుంగా కొంచెం ఆలోచించి, ఇంగ్లీషులో నిదానంగా చెప్పుకొచ్చాడు. ప్రతాప్ దాన్ని తెలుగు చేశాడు. దేవుడూ కాదు, దయ్యమూ కాదు, ఊరిని కాచేది. వాటిలో మగ మొఖాలు వేరు, ఆడ మొఖాలు వేరు. మగదానికి నెత్తిన ఎత్తుగా శిఖ లేస్తుంది, ఎర్రరంగు ఎక్కువ ఉంటుంది. ఎరుపంటే రక్తం, బలం, భయం. అది వచ్చిందంటే పరుగులు పెడుతూ జనాన్ని బెదరగొడుతుంది. ఆడదానికి శిఖ ఉండదు, ఉన్నా నుదుటి మీద చిన్న గట్టులాగా ఉంటుంది. దీనికి తెలుపే ఎక్కువ. తెలుపంటే వెన్నెల, మంచి మనసు, తల్లిపాలు. అమావాస్య పోయి నెలవంక కనిపించినప్పుడు, పెద్దవాళ్లెవరైనా పోయినప్పుడు అది వస్తుంది. నెమ్మదిగా అడుగు వేస్తుంది. తనకు కావలసింది ఈ ఆడ మొఖమే. దాన్ని కట్టుకునేదీ మగవాడే. కాళ్లూ చేతులూ కనపడకుండా అల్లిన తొడుగు వేసుకుని, గడ్డం కింద నార వేలాడదీసుకుంటాడు.

ఆ మాటకు ఆచారి మొఖంలో కొంచెం నవ్వు వచ్చింది. తన పన్నెండో ఏట మసూచి తగ్గితే చీర కట్టిస్తానని వాళ్లమ్మ మొక్కుకుందట. గంగజాతరలో చీర కట్టి, జడ పెట్టి, మొఖానికి పసుపు పూసి ఊరంతా తిప్పారని, వేషంలో ఉన్నంతసేపూ వాళ్ల నాయన కూడా తనకు చేతులెత్తి దండం పెట్టాడని చెప్పాడు. ప్రతాప్ అది ఇంగ్లీషులో చెప్తే ఇలుంగా సంబరపడి ఇంకో బొమ్మ చూపించాడు. అది నిలబడిన మనిషి బొమ్మ. నడినెత్తిన జంతువు కొమ్ము దిగగొట్టి ఉంది, పొట్టలో గుంట ఉంది. చెక్కేవాడు ఉత్త కొయ్యబొమ్మను చెక్కి ఇస్తాడు. మందు తెలిసిన పెద్దాయన వచ్చి ఆ కొమ్ములో, పొట్టలో మూలికలూ మట్టీ పెడితేనే దానికి శక్తి వస్తుంది. వచ్చాక ఎవరూ చేత్తో తాకరు, చంకల కింద కర్రలు కట్టి మోస్తారు.

“మన వాహనం మోసే కొయ్యల మాదిరి,” అన్నాడు ఆచారి.

అంత విన్నాక కూడా అతను ఒప్పుకోలేదు. హంసను పౌర్ణమిలోగా ఇవ్వాలి. అదొక్కటే కాదు, తెలియని మొఖం తన చేతికి రాదన్నాడు. చిన్నప్పటి నుంచి చెక్కిన మొఖాలన్నీ శాస్త్రంలో కొలత ఉన్నవే. దీనికి కొలత ఏమిటో తనకు తెలియదు.

ప్రతాప్ లేచాడు. ఇలుంగా ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

“ఆచారయ్యా, నేను చేస్తా,” అంది ఎస్తేరు.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె హంస మెడను చాప మీద పడుకోబెట్టి, ఒళ్లో రాలిన పొట్టు దులుపుకుంది.

“మరి నీ పని?” అన్నాడు ఆచారి.

“పొద్దన్నే ముందొస్తా, మధ్యాన్నం అన్నం పూట చేసుకుంటా, సందకాడ ఇంకాసేపు ఉంటా. హంస పని ఆగదు.” ఆమె కొంచెం ఆగింది. “అది మన దేవుడు కాదు గదా ఆచారయ్యా.”

ఆచారి చేతిలో ఉలి కింద పెట్టాడు. తర్వాత లేచి షెడ్డు వెనక మూలకు పోయి, పేర్చిన కొయ్యల్లోంచి గుమ్మడిటేకు దుంగ ఒకటి లాగాడు. వేలి కణుపుతో నాలుగు చోట్ల కొట్టి విన్నాడు. తెచ్చి ఆమె చాప పక్కన దించాడు.

“పగులు లేదు,” అని పోయి తన చోట కూర్చున్నాడు.

ఎస్తేరు నూలు దారం తెచ్చి ఇలుంగాను స్టూలు మీద కూర్చోబెట్టింది. చెవి నుంచి చెవికి, నుదుటి నుంచి గడ్డానికి కొలిచి దారానికి ముడులు వేసుకుంది. అతను కదలకుండా కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

మంగళ, బుధ రెండు రోజులూ ఆమె చీకటి విడవగానే వచ్చింది. భర్త ఏబెల్ ట్రాక్టరు తోలడానికి పోతూ బైకు మీద దించిపోయేవాడు. దుంగకు నడిగీత గీసుకుని, బాడిసతో చుట్టూ చెక్కింది. వెనకవైపు మనిషి మొఖం పట్టేట్టు గుల్ల చేసింది. గుల్ల చేసేటప్పుడు తొందరపడితే ముక్కు దగ్గర చిల్లు పడుతుంది. అందుకని వేలు లోపల పెట్టి, ఇంకో చెయ్యి బయట పెట్టి మందం చూసుకుంటూ చెక్కింది. మంగళవారం సాయంత్రానికి మొఖం ఆకారం వచ్చింది. ముందుకు వచ్చిన నోటిని పలకలు పలకలుగా తీసింది. పెదవులు చెక్కవద్దని, ప్రతాప్ ఆమె ఫోనుకు పంపిన బొమ్మ చెప్తోంది.

కళ్ల దగ్గర ఆగిపోయింది. ఆ బొమ్మను ఎంతసేపు చూసినా అది నిద్రపోతోందో మేలుకుందో తెలియలేదు. బుధవారం పొద్దున వచ్చేటప్పుడు, గేటు దగ్గర రైలు పోయేదాకా ఆగినప్పుడు, అక్కడ పూలమ్మే పిల్ల ఒకతె గోడకు ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. సగం ఇక్కడ, సగం ఎక్కడో ఉన్నట్టున్నాయి ఆమె కళ్లు. ఎస్తేరు షెడ్డుకు వచ్చి, టీ కూడా తాగకుండా ఆ రెండు కళ్లూ చెక్కింది.

తర్వాత గాడులు. అదే అసలు పని. నుదుటి నడుమ నుంచి మొదలుపెట్టి, కంటి దగ్గరకు వచ్చేసరికి నీళ్లు రాయిని చుట్టి పోయినట్టు చుట్టు తిరిగి, చెంప మీదికి దిగాలి. ఒక గాడికీ ఇంకో గాడికీ మధ్య ఎడం మారకూడదు. చిటికెనవేలు కొయ్య మీద ఆనించి, దాన్నే కొలతగా పెట్టుకుంది. కుడి చెంప మీద ఒకచోట ఉలి జారి, అంచు చిట్లింది. ఆ చప్పుడుకు అవతల ఆచారి సుత్తి ఆగింది. ఆమె తల ఎత్తలేదు. చిట్లిన చోటును చూస్తూ కాసేపు కూర్చుని, ఆ గాడిని ఇంకొంచెం లోతు చేసింది. దాని పక్కదాన్నీ చేసింది. రెండో చెంపను కూడా అదే లోతుకు దించింది. మధ్యాహ్నానికి రెండు చెంపలూ నుదుటి కంటే లోతుగా, నీడ పట్టి, మొదటి నుంచీ అట్లాగే అనుకున్నట్టు కుదిరాయి. ఆచారి సుత్తి ఎప్పుడు మళ్లీ మొదలైందో ఆమె గమనించలేదు.

గురువారం మధ్యాహ్నం ప్రతాప్, ఇలుంగా వచ్చారు. అప్పటికి గడ్డం మీద గాడులే మిగిలాయి. ఆమె ఉలి పట్టుకుని మొఖం మీదికి వంగి ఉంది.

ఇలుంగా షెడ్డు ముందే నిలబడిపోయాడు. మొఖాన్ని చూడగానే అతని కళ్లు మెరిశాయి. ఆ వెంటనే ఆమె చేతిలోని ఉలిని చూసి తడబడ్డాడు. సోమవారం ఆమె చేస్తానన్నప్పుడు ఆచారి చేసేదాన్ని తాను నునుపు చేస్తానంటోందని అనుకున్నట్టున్నాడు. ప్రతాప్‌తో చిన్న గొంతుతో ఏదో చెప్పాడు. ప్రతాప్ నేల చూపులు చూశాడు.

“ఏమంటాండాడు ప్రతాపూ?” అని ఎస్తేరు అడిగింది.

“ఏం లేదులే అక్కా.”

“చెప్పప్పా.”

ప్రతాప్ చెప్పాడు. వాళ్ల ఊళ్లో ఈ మొఖాలు ఆడవాళ్లు చెక్కరు. చెక్కేదీ మగవాళ్లే, కట్టేదీ మగవాళ్లే. దాచిపెట్టే చోటికి కూడా ఆడవాళ్లను రానివ్వరు. బాగాలేదని అతను అనడం లేదు. చాలా బాగుందంటున్నాడు. కానీ దీన్ని తాను కట్టుకోవచ్చో లేదో తెలియడం లేదంటున్నాడు. ముందే అడగనందుకు తనదే తప్పంటున్నాడు.

ఎస్తేరు ఉలిని చాప మీద పెట్టింది.

“అది ఆడమొఖమే గదా?” అంది.

ఇలుంగా తల ఊపాడు.

ఆమె మొఖాన్ని పాత చీరగుడ్డలో చుట్టి గోడవార పెట్టి, హంస మెడను ఒళ్లోకి తీసుకుంది. ఇలుంగా ఆమె ముందు చేతులు కట్టుకుని ఇంకాసేపు నిలబడి, తను నేర్చుకున్న తెలుగులో “అక్కా, సారీ” అని చెప్పి వెళ్లిపోయాడు. పోయేముందు, మిగిలిన పనన్నా ఆచారి చేతి మీదుగా జరిగితే బాగుంటుందేమో అని ప్రతాప్‌తో అనిపించాడు. ఆచారి హంస ముక్కు మీది పొట్టు ఊది, మళ్లీ ఉలి పెట్టాడు.

ఇంటికి పోయేసరికి ఏబెల్ పొయ్యి ముట్టించి వంకాయ పులుసు పెట్టాడు. ఆమె కాళ్లు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని జరిగింది చెప్పింది. ఏబెల్ గరిటె పక్కన పెట్టి విన్నాడు. కోపం రాలేదా అని అడిగాడు.

ఎస్తేరు ఆలోచించింది.

“రాలా,” అంది. “ఆ పిల్లోడు మొఖం మీద చెప్పినాడు. పద్దెనిమిదేండ్ల నుంచి ఈడ ఎవురూ నోరు తెరిచి చెప్పలా. తెలుసుకోని గమ్ముగ ఉండిపోయినా. చెప్పడమే మేలు.”

ఏబెల్ ఆమెకు పులుసు, అన్నం పెట్టాడు. ఆమె రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నది. మూడు రోజులుగా సరిగా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

శుక్రవారం మామూలు వేళకే షెడ్డుకు పోయింది. గోడవార గుడ్డలో చుట్టిపెట్టిన మొఖం ఆచారి పీట మీద ఉంది. గడ్డం మీద పెన్సిలు గీతలు ఉన్నాయి. చెరిపి మళ్లీ గీసి, మళ్లీ చెరిపినట్టు కొయ్య మసకబారింది. ఉలి పెట్టిన గుర్తు ఒక్కటీ లేదు.

“నిన్న సాయంత్రమంతా పట్టుకోని కూసున్నా,” అన్నాడు ఆచారి. అతను ఆమె వైపు చూడకుండా హంస ముక్కును చూస్తూ మాట్లాడాడు. “నాతో కాలా. నేను ఉలి పెడితే దీనికి అమ్మవారి నవ్వు వచ్చేస్తాది. నా చెయ్యి అట్ల పడిపోయింది. నువ్వే చెయ్యి.”

“ఆ పిల్లోడు వద్దనె గదా.”

“కట్టుకునేదీ మానేదీ ఆయప్ప ఇష్టం. సగంలో ఇడిసిపెట్టిన మొఖాన్ని నేను షెడ్డులో పెట్టుకోను.”

ఆమె చాప పరుచుకుని గడ్డం మొదలుపెట్టింది. అది సగం అయ్యేసరికి, పదకొండు దాటాక, బైకు వచ్చింది. ఇలుంగా ఫోను చేత్తో పట్టుకుని, అందులో ఎవరితోనో మాట్లాడుతూనే లోపలికి వచ్చాడు. వాళ్ల నాయన చిన్నాయనట. కుర్రతనంలో ఈ మొఖాలు కట్టి ఆడినవాడు. అక్కడ ఇంకా పొద్దున్నే. ఫోనులో ప్లాస్టిక్ కుర్చీలో ముసలాయన ఒకడు, చేతిలో గ్లాసుతో, కళ్లు చికిలించి చూస్తున్నాడు. రాత్రంతా తనకు నిద్ర పట్టలేదని, ఆయన్ను అడిగి తేల్చుకోవాలని వచ్చానని ఇలుంగా చెప్పాడు.

మొఖాన్ని చూపించమన్నాడు ముసలాయన. ఎస్తేరు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ఎదురుగా చూశాడు. పక్కకు తిప్పమన్నాడు. నుదుటి గట్టు చూపించమన్నాడు. కళ్ల దగ్గరికి తెమ్మన్నాడు. అక్కడ చాలాసేపు ఆగాడు. తర్వాత ఏవో ప్రశ్నలు అడిగాడు. ఇలుంగా జవాబులు చెప్తున్నకొద్దీ అతని గొంతు తగ్గుతూ వచ్చింది. మాట అయ్యాక అతను ప్రతాప్‌కు చెప్పాడు, ప్రతాప్ వీళ్లకు చెప్పాడు.

ముసలాయన అడిగింది ఇది. శనివారం నెలవంక కనిపిస్తుందా? కనిపించదు. అక్కడ ఎవరైనా పెద్దమనిషి పోయాడా? లేదు. డోలు కొట్టేవాళ్లు మనవాళ్లేనా? కాదు, స్పీకరులో పాట పెడతారు. అయితే నువ్వు ఏం ఆడతావు? చెక్కినంత వరకు అది కొయ్యే. కొయ్యను ఎవరు చెక్కితే ఏమి? దానికి చెయ్యవలసినవి చేసి, లోపల దూరి ఆడితేనే అది ఊరి కావలి. అట్లా ఆడదలిస్తే ఆ అమ్మ దాన్ని తాకి ఉండకూడదు. కాబట్టి నీకు ఆట కావాలా, ఆ అమ్మ చేతిపని కావాలా, నువ్వే తేల్చుకో.

ఇలుంగా స్టూలు మీద కూర్చున్నాడు. ఈ దేశం వచ్చినప్పటి నుంచి ఒక్కసారన్నా ఆ ఆట ఆడాలన్నది అతని కోరిక అని ప్రతాప్ మెల్లగా చెప్పాడు. గదిలో ఒక్కడే అడుగులు సాధన చేస్తుంటే తాను చూశానన్నాడు. ఇలుంగా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మొఖాన్ని చూస్తూ ఉండిపోయాడు. రైలు ఒకటి వచ్చి, రేకులు అదిరి, పోయింది.

“నేను కట్టను,” అన్నాడు చివరికి. అది తెలుగులోనే అన్నాడు. మిగతాది ఇంగ్లీషులో చెప్పాడు. మొఖాన్ని నిలబెడతాడట. పక్కన నిలబడి, అది ఏమిటో, దాని మీద ప్రతి గీతకూ అర్థం ఏమిటో చెప్తాడట. ఎవరు చెక్కారో కూడా చెప్తాడట.

ఫోనులో ముసలాయన ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె చేతులు చూపించమంటున్నాడని ఇలుంగా చెప్పాడు. ఎస్తేరు సిగ్గుపడి చేతులు చీరకు తుడుచుకుని చూపించింది. బొటనవేలి మీద కోతలు, గోళ్లలో పొట్టు. ముసలాయన నవ్వాడు. కళ్లు సరిగ్గా కుదిరాయన్నాడు. ఆమెకు ఈ పని ఎవరు నేర్పారని అడిగాడు.

ఎస్తేరు వెనక్కి తిరిగి చూడకుండానే చేత్తో చూపించింది.

“మా ఆచారయ్య,” అంది.

ఇలుంగా ఫోనును ఆచారి వైపు తిప్పాడు. ముసలాయన గ్లాసు కింద పెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చుని, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. ఆచారి సుత్తి వదిలి రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు అట్లాగే కాసేపు ఉండిపోయాయి. ఫోను ఆపేశాక అతను మంచినీళ్ల కుండ దగ్గరకు పోయి చెంబుడు నీళ్లు తాగాడు.

మిగిలిన పని ఆమె ఆ సాయంత్రానికే ముగించింది. తెలుపుకు ఏం పూయాలా అని చూస్తుంటే ఆచారి తన డబ్బాలోంచి నామం సుద్ద గడ్డ ఒకటి తీసి ఇచ్చాడు. దాన్ని నూరి, జిగురు కలిపి, గాడి వదిలి గాడి పూసింది. దీపం మసి నూనెలో కలిపి నలుపు పెట్టింది. కిత్తనారను తడిపి, దువ్వి, గడ్డం అంచున రంధ్రాల గుండా ముడివేసింది. ఆరడానికి గోడకు తగిలించి, అవతల గోడ దాకా పోయి చూసింది. అక్కడ నుంచి చూస్తే గాడులు కదులుతున్నట్టు ఉన్నాయి. కళ్లు మాత్రం నిలకడగా ఉన్నాయి. ఆమెకు లోపల హాయిగా అనిపించింది.

శనివారం ఆమె ఏబెల్ బైకు మీద క్యాంపసుకు పోయింది. చర్చికి కట్టే నీలం చీర కట్టుకుంది. పెద్ద హాలు, చల్లగా ఉంది. పిల్లలు రంగురంగుల బట్టల్లో పాటలు పాడారు, ఆటలు ఆడారు. ఇలుంగా వంతు వచ్చినప్పుడు వేదిక మీద పొడుగాటి కర్రకు తగిలించిన మొఖం ఒక్కటే ఉంది, దాని మీద ఒక దీపం. అతను ఉత్త తెల్లచొక్కాలో పక్కన నిలబడి మాట్లాడాడు. ఒక్కొక్క గీత దగ్గర వేలు పెట్టి చెప్తుంటే హాలు నిశ్శబ్దంగా విన్నది. ఎస్తేరుకు ఆ ఇంగ్లీషులో అర్థమైన మాట తన పేరు ఒక్కటే. ఆ మాట అన్నాక అందరూ తలలు తిప్పి వెతికారు. ఏబెల్ ఆమెను మోచేత్తో పొడిచాడు. ఆమె లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, మొఖం వైపు చూస్తూ నిలబడింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

హాలు చివర, తలుపు దగ్గర, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆచారి నిలబడి ఉన్నాడు. అతను వస్తాడని ఆమె అనుకోలేదు. అయిపోయాక క్యాంపసు పెద్ద ఒకాయన అతని దగ్గరికి వచ్చి, గురువుగారు మీరేనటగదా, ఎన్నేళ్లు నేర్పారు అని అడిగాడు. ఆచారి, పొద్దుపోయింది, బస్సు దొరకదు అని చెప్పి వెళ్లిపోయాడు.

సోమవారం ఎస్తేరు వచ్చి చాప పరుచుకునేసరికి, అక్కడ హంస రెక్క ఒకటి పెట్టి ఉంది. ఆమె అలవాటుగా ఉప్పుకాగితం చింపుకుని కూర్చుంది. కూర్చున్నాక చూస్తే రెక్క ఇంకా చెక్కలేదు. ఈకలన్నీ పెన్సిలుతో గీసి ఉన్నాయి, వరస మీద వరస. పక్కన రెండు ఉలులు, చిన్న సుత్తి.

“ఇది ఇంకా చెక్కలేదు ఆచారయ్యా,” అంది.

“తెలుసు.”

ఆచారి రెండో రెక్కను తన పీట మీద పెట్టుకుంటూ, పనికి సంబంధించిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఈకలు గాడుల పనే. వరసగా, ఎడం మారకుండా రావాలి. రెండు రెక్కలూ తానే చేస్తే పౌర్ణమికి కావు. గుడివాళ్లు అడిగితే ఏం చెప్తారని ఆమె అడిగింది.

“నువ్వు చెక్కినావని చెప్తా. పూజారి వచ్చి సంప్రోక్షణ చేసేదాకా ఇది కొయ్యే. ఆ పెద్దాయన చెప్పిందాంట్లో మనకు తెలియంది ఏముండాది? తెలిసినా ఇన్నాళ్లూ నేను ఆ మాట అనలా.” కొంచెం ఆగి, “మధ్యాన్నం పూట నా ఉలి ఎవురు తీస్తాండారో, మళ్లా ఎవురు నూరి పెడతాండారో నాకు తెలీదనుకుంటివా?” అన్నాడు.

ఎస్తేరు తల వంచుకుని ఉలి తీసుకుంది. మెడా తలా అతికించిన హంస ఇంకా పూతలేని కొయ్యరంగులో, షెడ్డు నడుమ రెక్కల్లేకుండా నిలబడి ఉంది. ఆమె రెక్క చివర ఉన్న చిన్న ఈక మీద ఉలి ఆనించి సుత్తి ఎత్తింది. మొదటి చెక్కు రాలింది. రెండోది రాలింది.

“ఆగు,” అన్నాడు ఆచారి.

ఆమె చెయ్యి ఆగిపోయింది. అతను పీట మీద నుంచి లేచి, మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. ఆమె పిడికిలి విప్పి, బొటనవేలిని పట్టుకుని, ఉలి మీద రెండు అంగుళాలు కిందికి జరిపాడు. చిటికెనవేలిని కొయ్య మీద నుంచి తీసి పిడి కిందికి మడిచాడు.

“ఈడ పట్టుకోవల్ల. నువ్వు పట్టుకునేట్టు పట్టుకుంటే సాయంత్రానికి మణికట్టు లాగుతాది. ఇన్నేండ్లుగా తప్పు పట్టుకుంటాండావు.”

“ఎవురు చెప్పినారు నాకు?” అంది ఎస్తేరు నెమ్మదిగా.

ఆచారి ఆమె వేళ్లను వదలలేదు. రోడ్డు మీద ఒక లారీ పోయింది, దాని వెనకాల బస్సు పోయింది.

“ఇప్పుడు చెప్తాండా గదా,” అన్నాడు. “ఊ, కొట్టు. నేను చూస్తా.”

ఆమె కొట్టింది. చెక్కు సన్నగా, పొడుగ్గా, చుట్టలు చుట్టుకుంటూ లేచింది.